కారు పైకప్పుకి కన్నం కొట్టించి యాంటెనా పెట్టించుకున్నాను: ఆరు నెలల తర్వాత రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, ఇది కారు స్టీరియోకి ఎఫ్ఎం రాడ్ మార్పించడం గురించి కాదు. హ్యామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సొంతంగా నడుపుకునే వైర్‌లెస్ సెట్టు) కోసం మా ఎర్టిగా పైకప్పుకి 19 మిల్లీమీటర్ల కన్నం కొట్టించి, అందులో మౌంట్ (యాంటెనా రాడ్‌ని నిలబెట్టే అడుగు భాగం) బిగించి, కేబుల్ లోపలి నుంచి లాగించి, డ్యాష్‌బోర్డు కింద సెట్టు పెట్టించుకున్నాను. అల్వాల్ వైపు ఒక పెద్దాయన చేశారు. ఆరు నెలలైంది, మధ్యలో ఒక వానాకాలం పోయింది, హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం జిల్లా సోంపేట దాకా రెండుసార్లు వెళ్ళొచ్చాను. బిగించిన రోజు ఎవరికైనా బాగానే ఉంటుంది, నాలుగు వానలు పడ్డాక కదా అసలు సంగతి తెలిసేది, అందుకే ఇన్నాళ్ళూ ఆగాను.

ఆయన పేరూ నంబరూ ఎక్కడా పెట్టొద్దన్నారు, ఒక్క మనిషి, నెలకి రెండు మూడు బండ్లకంటే చేయలేరు. బోర్డు కూడా లేదు, ఇంటి పక్కన రేకుల షెడ్డు అంతే. హైదరాబాద్ హ్యామ్‌లలో పాతవాళ్ళని అడిగితే దారి చెప్తారు. ఆయన దగ్గరికి వెళ్ళలేనివాళ్ళకి కూడా పనికొస్తుందని, ఏం చేశారో ఎందుకు చేశారో వివరంగా రాస్తున్నాను. మీ ఊళ్ళో ఎవరితో చేయించుకున్నా పక్కన నిలబడి ఇవన్నీ చూసుకోవచ్చు.

అసలు నాకు ఈ పని మీద ఇంత పట్టింపు ఎందుకంటే, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా అమ్మానాన్నలు సోంపేట పక్క ఊళ్ళో ఉంటారు. ముందు రోజు రాత్రి మాట్లాడాను, గాలి మొదలైంది రా, కిటికీలు వేసేశాం అంది అమ్మ. ఆ తర్వాత మూడు రోజులు ఫోన్ లేదు. కరెంటు లేదు, టవర్లు లేవు, కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఊళ్ళోకి దారి లేదు. మా తీర ప్రాంతం ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఏ స్థాయిలో పోయాయో అక్కడివాళ్ళని అడగండి. నాలుగో రోజు ఎవరిదో ఫోన్ నుంచి నాన్న గొంతు వినపడేదాకా నేను పడిన టెన్షన్ ఇంకొకరికి వద్దు.

ఆ తర్వాతే హ్యామ్ పరీక్షకి చదివాను, మోర్స్ (చుక్కలూ గీతల కోడ్) నేర్చుకున్నాను, లైసెన్స్ తెచ్చుకున్నాను. లైసెన్స్ లేకుండా ఈ సెట్లు వాడటం నేరం, ఇది చదివి ఎవరైనా సరదాకి కొనేస్తారేమో, దయచేసి ముందు పరీక్ష రాయండి. హైదరాబాద్‌లో చదువుకోవడానికి ఇబ్బంది లేదు, జాతీయ అమెచ్యూర్ (హ్యామ్) రేడియో సంస్థ ఉన్నదే ఇక్కడ. 2004 డిసెంబరు సునామీ వచ్చిన రోజు ఆ సంస్థకి చెందిన భారతీ ప్రసాద్ గారి బృందం వేరే పని మీద వెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది, అండమాన్ నుంచి కబుర్లు బయటికి చేరడానికి వాళ్ళ రేడియోలే దిక్కయ్యాయి. ఆ సంగతి తెలిసిన దగ్గర నుంచి నాకు ఇది హాబీలా అనిపించడం మానేసింది.

కారుకే ఎందుకు అంటే, ఇంటి డాబా మీద నాకూ యాంటెనా ఉంది. కానీ తుపానుకి ముందు ఒరిగేది ఆ పైపే, ముందు పోయేది ఇంటి కరెంటే. కారుకి సొంత బ్యాటరీ ఉంది, ట్యాంకులో నూనె ఉన్నంతసేపు ఛార్జింగ్ ఉంది, రోడ్డు ఎంతవరకు తెరిచి ఉంటే అంతవరకు సెట్టుని తీసుకెళ్ళొచ్చు.

మొదటిసారి పాడు చేసుకున్న సంగతి చెప్పాలి. ఒక కారు యాక్సెసరీస్ షాపులో పెట్టించాను, పేరు వద్దు. డిక్కీ డోర్ అంచుకి తగిలించే బ్రాకెట్ నేనే కొని తీసుకెళ్ళాను. ఆ బ్రాకెట్‌కి చిన్న చిన్న స్క్రూలు ఉంటాయి, వాటి మొనలు పెయింట్‌ని చీల్చుకుని ఇనుముకి తగలాలి, అవి ఉన్నదే అందుకు. ఆ అబ్బాయి పాపం మంచి మనసుతోనే, పెయింట్ పాడవుతుంది సార్ అని, ప్రతి స్క్రూ కిందా రబ్బరు ముక్క పెట్టి బిగించాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఒక్క గీత పడలేదు. కేబుల్‌ని డిక్కీ డోర్ సందులోంచి తిన్నగా లోపలికి తోసి డోర్ వేసేశాడు.

ఇంటికొచ్చి మీటరు పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ 3 దాటింది. తెలియనివాళ్ళ కోసం చెప్తాను, సెట్టు పంపించిన పవర్‌లో ఎంత యాంటెనాలోకి వెళ్తోంది, ఎంత వెనక్కి తన్నుతోంది అనేదాని లెక్క అది. 1 అంటే ఏమీ వెనక్కి రాలేదని. 1.5 అంటే వందకి నాలుగు వంతులు వస్తోందని, ఫర్వాలేదు. 3 అంటే పావు వంతు వెనక్కి వచ్చేస్తోందని. నేను 25 వాట్లు పంపిస్తుంటే ఆరు వాట్ల పైన తిరిగి సెట్టు మీదికే వస్తోంది. రెండు నిమిషాలు మాట్లాడితే సెట్టు వెనక వేడి చల్లార్చే ఫిన్స్ మీద చెయ్యి పెట్టలేకపోయేవాణ్ణి, సెట్టు తనని తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేసుకునేది. నెల తిరిగేసరికి డోర్ మూసిన ప్రతిసారీ నలిగి నలిగి కేబుల్ చపాతీలా అయింది. జూన్‌లో మొదటి గట్టి వాన పడింది, నీళ్ళు కేబుల్ వెంబడే జారుకుంటూ వచ్చి డిక్కీలో కార్పెట్ అంతా తడిపేశాయి. వారం రోజులు కారులో కుళ్ళు వాసన.

షాపుకి వెళ్ళి చెప్తే, యాంటెనా మంచిది కాదు సార్, ఇంకోటి కొనండి అన్నారు. కొన్నాను కూడా. దాంతోనూ అంతే. అప్పుడు మా నెట్‌లో (హ్యామ్‌లం అందరం ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి మాట్లాడుకునే వేళ) పాత హ్యామ్ ఒకాయన విని, అల్వాల్ వెళ్ళు బాబూ అన్నారు.

అల్వాల్ మాస్టారు (మా శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళని మాస్టారూ అనేయడం అలవాటు, ఆయనేమీ అనుకోలేదు) హకీంపేటలో ఎయిర్‌ఫోర్స్‌లో రేడియో పని చేసి రిటైరయ్యారు. కిరణ్ శిక్షణ విమానాల మీద చాలా ఏళ్ళు చేశారట. నేను కారు ఆపగానే నాతో మాట్లాడలేదు, నేరుగా వెనక్కి వెళ్ళి బ్రాకెట్ చూసి, జేబులోంచి మల్టీమీటరు తీసి ఒక పిన్ను బ్రాకెట్‌కి, ఒక పిన్ను డిక్కీ తాళం కొక్కేనికి ఆనించారు. ఏమీ చూపించలేదు. "నీ యాంటెనా బాగానే ఉంది బాబూ, దానికి కారే తగల్లేదు," అన్నారు.

నాకు అప్పటిదాకా ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు. పావు వేవ్ రాడ్ అంటే సగం యాంటెనా మాత్రమే. రెండో సగం దాని కింద ఉన్న రేకు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు రెండు మీటర్ల పైచిలుకు, అందులో పావు అంటే అర మీటరు, నిజంగా కోసే రాడ్ 49, 50 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. దాని కింద చుట్టూ కనీసం అంతంత మేర ఇనుము పరుచుకుని ఉంటే ఆ రేకే మిగతా సగంలా పనిచేస్తుంది. మనం రాడ్‌కి డబ్బు పెడతాం, బ్రాండ్ చూస్తాం, ఎంత గెయిన్, అంటే మాటని ఎంత బలంగా పంపుతుంది అని అడుగుతాం, కింద సగం గురించి అసలు అడగం. పైగా మూలన పెడితే కారు ఎటు ఎక్కువ పొడవుంటే అటే బలంగా వెళ్తుంది. డిక్కీ మూలన ఉన్న నాది పని చేసినా ముందుకి ఒకలా, వెనక్కి ఒకలా ఉండేదన్నమాట. అన్ని వైపులకీ సమంగా కావాలంటే పైకప్పు మధ్యలో పెట్టాలి, కన్నం కొట్టాలి.

కన్నం అనగానే మా ఆవిడ ఒప్పుకోలేదు. కారు కొని రెండేళ్ళే అయింది, నీళ్ళు కారితే, రేపు అమ్మేటప్పుడు రేటు తగ్గితే అని. న్యాయమే. మాస్టారు ఆమెతో నేరుగా మాట్లాడారు. "అమ్మా, మీ కారుకి ఫ్యాక్టరీలోనే స్టీరియో రాడ్ కోసం కన్నం కొట్టి ఇచ్చారు, చూశారా? అది కారిందా? కన్నం వల్ల కారదమ్మా, బిగించడం రాకపోతే కారుతుంది. అమ్మేటప్పుడు మౌంట్ తీసి రబ్బరు బిరడా పెట్టేస్తాను." ఇంకోటి కూడా చెప్పారు, ఆమెని ఒప్పించింది అదే అనుకుంటా. యాంటెనా పైకప్పు మీద ఉండి, కింద ఇనుప రేకు ఉంటే లోపల కూర్చున్న పిల్లల మీదికి రేడియో పవర్ చాలా తక్కువ వస్తుంది, ఆ రేకే అడ్డు. అద్దానికి పక్కన, డిక్కీ అంచున పెడితే వెనక సీట్లో వాళ్ళకి అంత రక్షణ ఉండదు. ఆ మాట విన్నాక నాక్కూడా పాత బ్రాకెట్‌ని చూడబుద్ధి కాలేదు.

అయస్కాంతం అడుగున్న యాంటెనా ఉంది కదా, అది చాలదా అని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. చాలుతుంది, ఎప్పుడైనా ఒకసారి వాడేవాళ్ళకి. అది పెయింట్ మీద కూర్చున్నా పెద్ద అడుగు ఉంటుంది కాబట్టి 145 దగ్గర ఏదోలా గ్రౌండ్‌ని, అంటే ఆ కింది సగాన్ని, అందుకుంటుంది. కానీ దాని కింద దుమ్ము చేరి పెయింట్ గీరుకుపోతుంది, కేబుల్ మళ్ళీ డోర్ సందులోంచే రావాలి, చెట్టు కొమ్మ తగిలితే పక్కకి పడి కేబుల్ పట్టుకుని వేలాడుతుంది. అల్యూమినియం, ఫైబర్ పైకప్పులకి అసలు అతుక్కోదు.

పని రోజు నేను సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా అని. మా బండికి లేవు. ఉంటే అవి పక్క పైకప్పు అంచుల్లో, పిల్లర్ల దగ్గర మడిచి ఉంటాయి, కేబుల్ వాటి ముందు నుంచి పోయిందంటే అవసరానికి ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా విచ్చుకోదు, ఎప్పుడైనా దాని వెనక నుంచే తీయాలి, కేబుల్ టైతో దానికి కట్టకూడదు. కొత్త కార్లున్నవాళ్ళు ఇది రాసి పెట్టుకోండి, యాక్సెసరీస్ షాపుల్లో ఎవరూ అడగగా నేను చూడలేదు.

తర్వాత చోటు. ఎర్టిగాకి రెండో వరుస కోసం పైకప్పులోనే ఏసీ ఉంటుంది కదా, కచ్చితంగా మధ్యలో కొడితే దాని మీదికి వస్తుంది. లోపలి లైనింగ్ వెనక వైపు నుంచి కొంచెం దించి, టార్చి వేసి, అడ్డ పట్టీలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, వెనక్కి ఒక జానెడు జరిపి పెన్సిల్‌తో గుర్తు పెట్టారు. టేపుతో కుడి నుంచి ఎడమ నుంచి రెండుసార్లు కొలిచారు. పెన్సిల్ గుర్తు చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద గ్రీజు రాశారు. గ్రీజు ఎందుకు మాస్టారూ అంటే, డ్రిల్ చేసేటప్పుడు లేచే ఇనుప రజను దానికి అంటుకుంటుంది, లేకపోతే ఎగిరి పైకప్పంతా పడి రెండు వానలకి ఎర్ర చుక్కలు చుక్కలుగా తుప్పు వస్తుంది అన్నారు. ఇంత చిన్న సంగతి! కానీ ఇది తెలియనివాడు మీ కారు మీద డ్రిల్ పెడితే పెయింట్ మొత్తం పోతుంది.

హోల్ సా (కన్నం కోసే గుండ్రటి రంపం) కూడా మామూలుది కాదు, దానికి ఆపు ఉంటుంది, రేకు తెగగానే ఆగిపోతుంది, కిందికి దిగి లైనింగ్‌ని చీల్చదు. కన్నం కొట్టడానికి నిమిషం పట్టలేదు. ఆ నిమిషం మా ఆవిడ ఇంట్లోంచి వీడియో కాల్‌లో చూస్తోంది, నేను ఫోన్ పట్టుకున్న చెయ్యి వణికింది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది, నేను డబ్బు ఇచ్చింది దీనికే అని నా అభిప్రాయం. కన్నం అంచు చేత్తో నున్నగా రాశారు. లైనింగ్ కింద నుంచి చెయ్యి పోనిచ్చి, కన్నం చుట్టూ రేకు లోపలి వైపు ఉన్న ప్రైమర్‌ని రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్ద వెడల్పున గీకడం మొదలుపెట్టారు. కనపడదు, వేళ్ళతో తడుముకుంటూ గీకాలి. చిన్న అద్దం పెట్టుకుని చూడటం, మళ్ళీ గీకడం. ఇరవై నిమిషాలు. ఎన్ఎంఓ అనే ఈ రకం మౌంట్‌కి అడుగు వైపు పళ్ళలాంటివి ఉంటాయి, పైన రింగు తిప్పి బిగిస్తే అవి కింది నుంచి రేకుని కరుచుకుంటాయి. కరిచిన చోట ఒట్టి ఇనుము ఉండాలి. పైన మాత్రం రబ్బరు ఓ-రింగు పెయింట్ మీదే కూర్చుంటుంది, నీళ్ళని ఆపేది అది. అంటే కరెంటు కింది నుంచి, కాపలా పైనుంచి. కోసిన అంచుకి పల్చగా జింకు ప్రైమర్ రాసి, ఆరాక బిగించారు. మళ్ళీ అదే మల్టీమీటరు, ఈసారి పిన్నులు ఆనించగానే టుయ్యి మంది. ఆయన నా వైపు చూసి తల ఊపారు.

టీ తాగుతూ ఉంటే విమానాల మీద ఇదే పని ఎలా చేస్తారో చెప్పారు. విమానం తొడుగు అల్యూమినియం, కన్నం కొడితే ఆ చోట బలం తగ్గుతుంది, కాబట్టి లోపలి వైపు ఇంకో రేకు ముక్క పెట్టి రివెట్లు కొడతారు, డబ్లర్ అంటారు. యాంటెనా కూర్చునే చోట పెయింట్ పూర్తిగా తీసేసి, ఒట్టి అల్యూమినియం మీద ఒక రసాయనం పూస్తారు, అది లేత బంగారు రంగుకి తిరుగుతుంది, తుప్పుని ఆపుతుంది గానీ కరెంటుని ఆపదు. బిగించాక మామూలు మీటరుతో కాదు, మిల్లీఓమ్‌లు కొలిచే మీటరుతో చూస్తారు. అది సరిగ్గా ఉంటేనే చుట్టూ సీలెంట్. పైలట్లు కంట్రోల్ టవర్‌తో మాట్లాడేది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, 145 ఉండే మన 2 మీటర్ల బ్యాండ్‌కి కొంచెం కిందే, కాబట్టి పావు వేవ్ లెక్కలూ ఇంచుమించు అవే. రెండు రేడియోలుంటే తరచుగా ఒక యాంటెనా వీపు మీద, ఒకటి పొట్ట కింద పెడతారు. పైన ఎగిరేటప్పుడు కిందున్న టవర్‌ని చూసేది పొట్ట కిందిది, నేల మీద ఉన్నప్పుడు పనికొచ్చేది వీపు మీదిది. కొత్తగా వస్తున్న ఫైబర్ బాడీ విమానాలకి రేకే ఉండదు కాబట్టి లోపల రాగి జాలీయో రేకో పరిచి గ్రౌండ్ తయారు చేసుకోవాలి. ఫైబర్ టాప్ జీపులకీ, పైనంతా అద్దమే ఉండే సన్‌రూఫ్ కార్లకీ ఇదే సమస్య, వాటిలో మధ్యలో పెట్టాలన్న ఆశ వదులుకుని బానెట్ అంచుకి వెళ్ళడం నయం అన్నారు.

వాన సంగతి కూడా చెప్పారు, నాకు బాగా పట్టేసింది. మబ్బుల్లో, వానలో విమానం దూసుకుపోతుంటే చినుకులు తొడుగుకి రాసుకుని విద్యుత్తు పేరుకుంటుంది. దాన్ని నెమ్మదిగా గాలిలోకి వదిలేయడానికే రెక్కల చివర, తోక చివర సన్నటి పుల్లల్లాంటివి వేలాడుతుంటాయి. విమానం కిటికీ పక్కన కూర్చున్నప్పుడు చూసే ఉంటారు. అయితే తొడుగులో ఏ ఒక్క పలక అయినా మిగతా వాటికి సరిగ్గా తగలకపోతే ఆ సందులో చిన్న చిన్న నిప్పురవ్వలు పుడతాయి, పైలట్ చెవిలో బరబరమని మోత, సరిగ్గా వాతావరణం బాగోలేనప్పుడు, సరిగ్గా టవర్ మాట వినాల్సినప్పుడు. "అందుకే బాబూ, మాకు పెయింట్ గీకడం నేర్పాకే రేడియో ముట్టుకోనిచ్చారు," అన్నారు.

కేబుల్ ఆర్‌జీ-58, ఐదు మీటర్లు. లైనింగ్ పైన వెనక పిల్లర్ దాకా, అక్కడి నుంచి కిందికి, డోర్ల కింద గుమ్మం ప్లాస్టిక్ కింద నుంచి ముందుకి. ఎక్కడా వంచి మడవలేదు, ఎక్కడా రేకు అంచుకి రాసుకోకుండా చుట్టూ గుడ్డ టేపు. ఈ పొడవుకి 145 దగ్గర ఒక డెసిబెల్, అంటే ఐదో వంతు పవర్, పోతుంది, మన ఇంకో బ్యాండ్ 435 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు డెసిబెల్స్ దాకా పోతుంది, ఇంకా మంచి కేబుల్ వేయొచ్చు గానీ అది లావు, వంపుల్లో తిరగదు. కొన్ని చవక యాంటెనాలతో వచ్చే పెన్ను రీఫిల్ అంత సన్నటి కేబుల్ మాత్రం వద్దేవద్దు.

కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే, సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కాదు. పాజిటివ్‌కి బ్యాటరీ పక్కనే ఫ్యూజు. నెగెటివ్ మాత్రం బ్యాటరీ టెర్మినల్‌కి పెట్టలేదు, ఛాసిస్‌కి పెట్టారు. ఇప్పటి కార్లలో చాలావాటికి నెగెటివ్ టెర్మినల్ మీద సెన్సర్ ఉంటుంది, ఎంత కరెంటు పోయిందో ఎంత వచ్చిందో అది లెక్క పెట్టుకుంటుంది, మన సెట్టు దాన్ని దాటవేసి వాడుకుంటే లెక్క తప్పుతుంది.

ఆఖరున రాడ్ కోయడం. ఆయన దగ్గర నానోవీఎన్ఏ ఉంది, అరచేతిలో పట్టే మీటరు, తెర మీద వంపు కనిపిస్తుంది, ఆ వంపు అడుగు ఎక్కడుంటే అక్కడ యాంటెనా ట్యూన్ అయినట్టు. ముందు కావాలనే పొడవుగా ఉంచారు, అడుగు 142 దగ్గరుంది. ఒక మిల్లీమీటరు కోస్తే సుమారు 0.3 మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. నాలుగు కోశారు, డోర్లన్నీ మూశారు, మమ్మల్ని దూరంగా నిలబడమన్నారు, చూశారు. మళ్ళీ మూడు. మళ్ళీ రెండు. ఆఖరి మిల్లీమీటరు కత్తెరతో కాదు, ఆకురాయితో అరగదీశారు. 145 దగ్గర 1.2 వచ్చింది. ఇదే రాడ్ 435కి ముప్పావు వేవ్ అవుతుంది కాబట్టి అక్కడా 1.6 వచ్చింది, అయితే ఆ బ్యాండ్‌లో పవర్ కొంచెం ఆకాశం వైపు పోతుంది, దూరం రాదు, అది ముందే చెప్పారు. గెయిన్ ఎక్కువున్న మీటరు పొడవు రాడ్ తర్వాత కావాలంటే ఇదే మౌంట్ మీద తిప్పి పెట్టుకోవచ్చు, కన్నం ఒకటే.

ఇక రోడ్డు మీద. కూకట్‌పల్లిలో ఒక స్నేహితుడికి ఆరో అంతస్తు డాబా మీద యాంటెనా ఉంది. పాత బ్రాకెట్‌తో ఉప్పల్ చేరేసరికి అతనికి నా మాట తెగిపోయేది. కొత్తదానితో అదే సెట్టు, అదే 25 వాట్లు, ఘట్‌కేసర్ దాటి బీబీనగర్ దాకా మాట్లాడుతూ వెళ్ళాను, బీబీనగర్ దగ్గర గొంతులో గర్ర వచ్చింది గానీ ప్రతి మాటా అర్థమైంది. సెట్టు వెనక చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. ఆ రోజు తిరిగి వస్తూ మాస్టారికి ఫోన్ చేసి చెప్తే, "రేడియో నీది, యాంటెనా నీది, నేను రేకు గీకాను అంతే," అన్నారు.

వానాకాలంలో ఒక్క చుక్క రాలేదు. విజయవాడ దాటాక ఒకసారి అద్దం మీద వైపర్లు ఆగనంత వాన, రెండు గంటలు, ఆగినచోట లైనింగ్ అంతా తడిమి చూశాను, పొడిగా ఉంది. వంద స్పీడు దగ్గర సన్నటి ఈల వినిపిస్తుంది, ఏసీ వేస్తే తెలియదు. మా అపార్ట్‌మెంటు సెల్లార్ దూలానికి మాత్రం రాడ్ కొస తగులుతుంది, కారు ఎత్తు 169 సెంటీమీటర్లు, పైన ఇంకో అర మీటరు. రాడ్ వంగి మళ్ళీ లేస్తుంది గానీ రోజూ కొడుతుంటే మౌంట్ మీద భారం పడుతుంది కదా, అందుకని గేటు దగ్గరే తిప్పి తీసేసి, దాని చోట వాన టోపీ తిప్పి పెడుతున్నాను. టోపీ లేకుండా వదిలేయకండి, మధ్య పిన్నుకి నీళ్ళు తగిలి పచ్చగా పూత పడుతుంది.

నచ్చనివి కూడా చెప్పాలి. ఒక్క రోజు అన్నారు, రెండు రోజులైంది, రెండో రోజు కూడా సెలవు పెట్టాల్సి వచ్చింది. వెనక పిల్లర్ ప్లాస్టిక్ తీసేటప్పుడు ఒక క్లిప్పు విరిగింది, ఆయనే రాణిగంజ్ నుంచి తెప్పించి వేశారు, డబ్బు తీసుకోలేదు, కానీ వారం పట్టింది, ఆ వారం గతుకు వచ్చినప్పుడల్లా టకటకమనేది. బిల్లు, వారంటీ కాగితం లాంటివి ఉండవు. ముందుగా ఫోన్ చేయకుండా వెళ్తే మాట్లాడరు. పనికి 3,000 తీసుకున్నారు, మౌంట్, కేబుల్, రాడ్ నేను తెచ్చుకున్నాను. మొదటి షాపులో పోసిందీ, అనవసరంగా కొన్న రెండో యాంటెనా కలిపితే ఇంతకంటే ఎక్కువే అయింది నాకు.

ఎవరికి చెప్తానంటే, లైసెన్స్ ఉండి, వారంలో నాలుగు రోజులు కారులో రేడియో వాడేవాళ్ళకి, తీరం వైపు ఊళ్ళున్నవాళ్ళకి, కన్నం కొట్టించడానికి ఇంట్లో ఒప్పుకున్నవాళ్ళకి కళ్ళు మూసుకుని చెప్తాను. అద్దె కారు, కంపెనీ కారు, ఏడాదిలో అమ్మేసే కారు అయితే అయస్కాంతం తోనే సర్దుకోండి. ఎక్కడ చేయించుకున్నా డబ్బు ఇచ్చేముందు ఒక్క పని చేయండి, మల్టీమీటరు పట్టుకెళ్ళి మౌంట్ బయటి రింగుకీ కారు ఒంటి మీద పెయింట్ లేని ఇనుముకీ పెట్టి చూడండి. మోగకపోతే తాళాలు తీసుకోకండి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టి, పలాస రైల్వే గేటు దాకా తీసుకెళ్ళి, హ్యాండీ (చేతిలో పట్టే చిన్న సెట్టు) పట్టుకుని ఇంటి డాబా మీదున్న తమ్ముడితో మాట్లాడించాను. సెల్ ఫోన్ లేకుండానా, అని రెండుసార్లు అడిగారు. తమ్ముడు కూడా లైసెన్స్ తెచ్చుకున్నాడులెండి, అన్నదమ్ములం ఇద్దరం ఒకేసారి చదివాం. కాకపోతే ఈ బ్యాండ్‌తో సోంపేట నుంచి హైదరాబాద్‌ని అందుకోలేను, దానికి 7 మెగాహెర్ట్జ్ కావాలి, అక్కడ పావు వేవ్ అంటే పది మీటర్ల పైన, కారు మీద పెట్టాలంటే కాయిల్ చుట్టిన పొట్టి రాడ్ తప్ప దారి లేదు. దానికి కన్నం చాలదట, డిక్కీ డోర్‌నీ, బానెట్‌నీ, సైలెన్సర్ పైపునీ రాగి పట్టీలతో బాడీకి కలపాలట. మాస్టారు ఫిబ్రవరి రెండో వారంలో రమ్మన్నారు, ఈసారి ముందే రెండు రోజులు సెలవు పెట్టాను. రీడింగులు ఇక్కడే పెడతాను.